ఐవీ వెనక హంబర్

శుక్రవారం పొద్దున హిల్డా వంటింటి కిటికీలోంచి చూసేసరికి హంబర్ కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది.

నవంబరులో ఆమె మొగుడు ఆర్నల్డ్ దాని చక్రాలు ఊడదీసి, ఇటుకల మీదికెక్కించి, పాత దుప్పట్లు కప్పాడు. ఏటా అంతే. మంచు పడితే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కారు అడుగును తినేస్తుందని అతని భయం. ఈస్టర్ దాకా దాన్నెవరూ ముట్టుకోకూడదు.

అక్క ఐవీ ఆసుపత్రిలో పడ్డాక హిల్డా మొగుణ్ణి ఎంత బతిమాలిందో. "బస్సులున్నాయిగా" అన్నాడు. ఉన్నాయి, రెండు మారాలి. పోయిన ఆదివారం మంచులో రెండో బస్సు ఆలస్యమైంది. వార్డు దగ్గరికి పరిగెత్తుకెళ్లేసరికి రోగుల్ని చూసే వేళ అయిపోయిందని గంట కొట్టేశారు. నర్సు అడ్డం తొలగలేదు. తలుపు అద్దంలోంచి ఐవీ కాళ్ల మీది దుప్పటి మాత్రం కనబడింది. మంగళవారం ఐవీ పోయింది.

ఇప్పుడు ఆర్నల్డ్ నల్లకోటు తొడుక్కుని, తోలుగుడ్డతో కారు దీపాలు తుడుస్తున్నాడు.

"చూశావా, ఎలా మెరుస్తోందో! శవబండి వెనక ఇది కదిలితే వీధి వీధంతా చూస్తుంది."

"ఇవాళ రోడ్డు మీద ఉప్పు లేదా?"

"ఉంటే ఉండనీ. మీ అక్క కోసం ఆ మాత్రం చెయ్యలేనా? రాగానే కడిగేస్తాలే."

"బతికున్నప్పుడు ఎందుకు చెయ్యలేదు?"

"మెల్లగా! పక్కింటివాళ్లు వింటారు."

"విననీ! నీ కారు చూడొచ్చు గానీ నా మాట వినకూడదా వాళ్లు?"

శవబండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. వెనక ఐవీ శవపెట్టె, దాని మీద తెల్లపూల చక్రం. ఆర్నల్డ్ హంబర్ వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"రా, ఎక్కు. బూట్లు కాస్త దులుపుకో, కింద తివాచీ కొత్తది."

హిల్డా ఆ తలుపు దాటుకుంటూ శవబండి దగ్గరికి వెళ్లింది.

"ప్లాట్ గారూ, మీ పక్కన చోటుందా?"

బండి తోలే ప్లాట్ కంగారుపడ్డాడు. "అమ్మా, ఇంటివాళ్లు వెనక కార్లో రావడం ఆనవాయితీ..."

"మా అక్కకు ఇంటిమనిషిని నేనొక్కదాన్నే. నేను దానితోనే వస్తా."

ప్లాట్ పక్కసీటు మీది టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"హిల్డా! నలుగురిలో నా పరువు తీస్తావా? ఖాళీ కారు తోలుకుంటూ నేనొక్కణ్ణే రావాలా?"

"వస్తే రా, మానితే మానుకో."

ఆమె శవబండి ఎక్కి తలుపు వేసిన ఊపుకి వెనక పూలచక్రం అదిరింది. "పోనివ్వండి" అంది ప్లాట్‌తో.