తెల్ల చొక్కా మీద ఎర్రమట్టి

అతిథులు వచ్చిన రోజు కపుకా ఇంట్లో అందరికీ మర్యాద ఉంటుంది, అతని భార్య వాపేవాకు తప్ప. ఆమె కోడలిగా వచ్చిన పన్నెండేళ్ళలో ఇది మారలేదు.

ఆ రోజు ఆఫ్రికాలో పశువులు కాచుకు బతికే హింబాల ఆచారాలు తెలుసుకోవాలని నలుగురు బండిలో వచ్చారు. వాపేవా అప్పటికే ఆవులు పితికి, ఎండిన ఏటిలో చెలమ తవ్వి నీళ్ళు మోసుకొచ్చి, వెన్నలో ఎర్రమట్టి రంగరించి ఒళ్ళంతా పూసుకుంది.

"బాగా పూసుకో. పాత తోలులా కనపడకు," అన్నాడు కపుకా. ఆమెను వాళ్ళ ముందు కూర్చోబెట్టి, ఆమె చేసే ప్రతి పనినీ తనే వివరించాడు. ఒళ్ళు ఆమెది, మాట అతనిది.

పెద్ద గుడిసెకూ పశువుల దొడ్డికీ మధ్య పితరుల నిప్పు ఉంది. గుడిసె నుంచి నిప్పు మీదుగా దొడ్డి దాకా ఉన్న దారి తాతలది, పరాయివాళ్ళు దానికి అడ్డంగా నడవకూడదు. ముందే చెప్పాల్సినవాడు నిప్పు కాచే కపుకా. చెప్పలేదు. తెల్ల చొక్కా వేసుకున్న ఒకావిడ ఫోటో కోసం వెనక్కి నడుస్తూ అటే పోతుంటే వాపేవా పరుగెత్తి భుజం పట్టి లాగింది. చొక్కా మీద ఐదు వేళ్ళూ ఎర్రగా పడ్డాయి.

"ఏమే, ఇంటికొచ్చినవాళ్ళ మీద చెయ్యేస్తావా? ఆ చొక్కా ఉతికియ్యి," అన్నాడు కపుకా.

"ఆవిడ పరవాలేదంటోంది, వదిలెయ్ అన్నా," అన్నాడు వాళ్ళతో వచ్చిన దుబాసీ.

"ఉతుకుతుందిలే. దానికి వేరే పనేముంది?"

అత్త నవ్వింది. "మా కోడలి చెయ్యి దూడ నాలుకయ్యా. అందినదల్లా నాకుతుంది."

ఆవిడ బండిలోంచి శాలువా తెచ్చి కప్పుకుని చొక్కా ఇచ్చింది. వాపేవా పొగతో ఒళ్ళు శుభ్రం చేసుకునే మనిషి, తన ఒంటికి నీళ్ళు వాడదు. పిల్లలు తాగడానికి తెచ్చిన నీళ్ళలో ఆ చొక్కా ముంచింది. రుద్దేకొద్దీ తన చేతుల మట్టే అంటి మరక పెద్దదైంది. మోచేతుల దాకా పూత కరిగి చర్మం బయటపడింది. ఎవరో ఫోటో తీశారు. రొమ్ముల మీద గుడ్డ లేకుండానే పెరిగిన మనిషికి, మొదటిసారి నగ్నంగా ఉన్నాననిపించింది. కాపాడింది కపుకా తాతల దారిని. వాళ్ళు తనకేమవుతారు? అయినా సిగ్గు తనకే మిగిలింది. తల ఎత్తలేకపోయింది.

పొద్దు వాలాక కపుకా నిప్పు దగ్గర కూర్చుని పిలిచాడు. "నువ్వు లాగి మంచి పనే చేశావు. వాళ్ళ ముందు అలా అనాల్సి వచ్చింది."

"అది నీ తాతలకు చెప్పుకో. దారి సంగతి ఎందుకు చెప్పలేదో కూడా చెప్పు. ఇక నేను ఎవరి ముందూ కూర్చోను. ఈ రోజు మాట నా దగ్గర మళ్ళీ ఎత్తకు. నేనూ ఎత్తను."

ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.