గడప మీద వేపమండ

"ఆ గదిలోకి ఎవురూ పోగూడదు" అని అందరికీ గట్టిగా చెప్పి, మా ఆయన రఘునాథ్ గంజి గిన్నె నా చేతికిచ్చాడు.

స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడు అది. మామ గంగాధరం కాణిపాకం బ్రహ్మోత్సవాలకు పోయి జ్వరంతో తిరిగొచ్చాడు. వేరే గదిలో పెట్టండి, ఒక్కరే చూసుకోండి, ఆ మనిషి కూడా మిగతావాళ్ళకు దూరంగా ఉండాలి అన్నాడు డాక్టరు. చివరి మాట మా ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. చిత్తూరులో బడులు మూసేశారు, నేను పాఠాలు చెప్పే బడి కూడా. "నీకెట్లాగూ సెలవే గదా భానూ" అన్నాడాయన.

అత్త రాఘవమ్మకు ఫ్లూ అయినా, అమ్మవారు పోసినా ఒకటే. గడపలో వేపమండ పెట్టింది, తాళింపులు మాన్పించింది. "లోపలికి పోయొచ్చినప్పుడల్లా తలకు పోసుకోని వంటింట్లోకి రా. ఏం గాదు" అంది. మాత్ర ఇచ్చి తలస్నానం, గంజి ఇచ్చి తలస్నానం. బయట ముసురు. జుట్టు ఆరిన పాపాన పోలేదు. "వంట మీరు చూడండత్తా, నా చేత్తో అందరికీ అంటుతుందేమో" అంటే, "కోడలుండి నేను పొయ్యికాడ నిలబడాల్నా?" అంది.

ఆ కట్టడి తప్పని నేననను. నా తరగతిలో ఒక్కో బెంచీకి ఆరుగురు పిల్లలు. బడి మూయకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. మామ కోలుకున్నాడు, మా పిల్లలకు తుమ్మైనా రాలేదు. మంచిదే. ఆ మంచినంతా ఎవరు మోశారని మాత్రం ఎవరూ అడగలేదు. ఏడుపొచ్చేది. ఏడిస్తే ముక్కు కారుతుంది, ముక్కు కారితే ఇల్లంతా హడలిపోతుంది. అందుకని ఏడుపూ మానుకున్నాను.

మామ హాల్లోకొచ్చి కూర్చున్న రోజే నన్ను జ్వరం పట్టుకుంది. అదే గది, అదే మంచం. కట్టడి ఈసారి చక్కగా సాగింది, ఒక్కరూ లోపలికి రాలేదు. గొంతు పిడచగట్టుకుపోయి "నీళ్ళు" అని పిలిచాను. నా కొడుకు ప్రతాప్ లేచినట్టున్నాడు.

"నువ్వు పోవాకురా, అంటుకుంటాది." అత్త గొంతు. "మహితా, నువ్వు పోయి ఇచ్చి రామ్మా. వచ్చినాక తలకు పోసుకుందువులే."

"సరే జేజీ" అంది నా కూతురు. దానికి తొమ్మిదేళ్ళు.

చెంబుతో వస్తున్న పట్టీల చప్పుడు వినిపించింది. ఆ నీళ్ళ కోసం ప్రాణం లాగేస్తోంది. గోడ పట్టుకుని లేచి, లోపలి గడియ పెట్టుకున్నాను.