కొత్త నీలం కింద పాత నీలం

నేను ఒక ఈతకొలను లైనర్‌ని. నీళ్లు నేలలోకి ఇంకిపోకుండా కొలను అడుగునా గోడలకూ పరిచే ప్లాస్టిక్ పట్టాను. నీళ్లలోకి దిగుతూ మీరు "అబ్బ, ఎంత నీలం!" అంటారే, ఆ నీలం నీళ్లది కాదు, నాది.

ఆ శుభవార్త వచ్చినప్పుడు హిమజ నా మెట్ల మీదే కూర్చుని ఉంది. పాదాలు నీళ్లలో, చేతిలో టీ గ్లాసు. కొత్త పెళ్లికూతురి మెట్టెలు నాకు చక్కిలిగింతలు పెడుతున్నాయి. ఫోను పెట్టేసి ఒక్క కేక వేసింది.

"ఏవండీ! బాలికల స్కూలు హెడ్‌మిస్ట్రెస్ గారు ఒప్పుకున్నారు! బడి తెరవగానే పిల్లల్ని ఈతకి పంపిస్తారట!"

భర్త ఫణీంద్ర పరుగెత్తుకొచ్చి చెప్పులతోనే నీళ్లలోకి దిగాడు. మొదటి మెట్టు మాత్రం దాటలేదు. ఆనందం కాస్త సర్దుకున్నాక మెల్లగా అన్నాడు. "అంతా బాగుంది గానీ హిమా, రోజూ బెత్తెడు నీళ్లు కారిపోతున్నాయి. ఈ చిరుగుల లైనర్‌తో ఎలా? బడి తెరిచేలోగా కొత్తది వెయ్యకపోతే వాళ్లు ఇంకోచోటు చూసుకుంటారు."

నాకు కోపం రాలేదు. నిజమే, ముసలిదాన్నయ్యాను.

ఒక ఫ్యాక్టరీలో వేడి రోలర్ల మధ్య పుట్టి, చుట్టగా లారీ ఎక్కి ఈ గోదావరి డెల్టాకు వచ్చాను. మొదటి యజమాని రైసుమిల్లు ఆసామి. వియ్యంకుల ముందు గొప్ప కోసం కొలను కట్టించాడు. ఆయనకు ఈత రాదు, ఒక్కనాడూ దిగలేదు. తర్వాత ఫంక్షన్ హాలు వాళ్లు కొన్నారు. నా ఒడ్డున ఎన్ని జంటలు ఫొటోలు దిగాయో! ఒకసారి ఫొటోగ్రాఫరు వెనక్కి జరుగుతూ జరుగుతూ నాలో పడ్డాడు. ఆ కాలంలో నాలో నిండా మునిగిన మనిషి ఆయనొక్కడే.

ఆ తర్వాత హిమజ వచ్చింది, కాలేజీకి ఈత పతకాలు తెచ్చిన పిల్ల. చుట్టూ ఇన్ని కాలువలుండి ఆడపిల్లలకు ఈత రాకపోవడమేమిటని ఆమె బాధ. పెళ్లి చదివింపులన్నీ కలిపి భార్యాభర్తలు నన్ను లీజుకు తీసుకున్నారు.

కాంట్రాక్టరు గంగాధరం గారు బెజవాడ నుంచి వచ్చాడు. టేపుతో కొలిచి, ఒక ధర చెప్పి, "అంతా కలిపే చెప్పానండి, మీరింక నిశ్చింతగా ఉండండి" అన్నాడు. ఆ వారమే కొలను ఖాళీ చేయించాడు. నీళ్లు తగ్గేకొద్దీ నేను అడుగునుంచి పూరీలా పొంగాను. ఆయన పైనుంచి కాలితో నొక్కి పెదవి విరిచాడు.

"అడుగు కాంక్రీటు పోయిందండి. పగలగొట్టి మళ్లీ పొయ్యాలి. ఇంకో లైనరంత ఖర్చవుద్ది. కింద పరిచే మెత్తటి గుడ్డ కూడా వేరేనండి."

"ముందే చెప్పలేదే?" అన్నాడు ఫణీంద్ర.

"అడుగునేవుందో పైనుంచి ఎలా తెలుస్తదండి? పెళ్లిచూపుల్లో అన్నీ తెలుస్తాయా ఏంటి?"

"మావారి సంగతి అప్పుడే తెలిసిందండి" అంది హిమజ. "మీ లెక్కే పెళ్లయ్యాక బయటపడుతోంది."

గంగాధరం గారు కూడా నవ్వాడు. నవ్వాడే గానీ లెక్క తగ్గించలేదు. మనుషులు మొదట చెప్పే ధర భోజనానికి ముందు వేసే విస్తరాకు లాంటిదని నాకు అప్పుడర్థమైంది. వడ్డన తర్వాత మొదలవుతుంది.

"స్కూలుకి కుదరదని చెప్పేద్దామా?" అన్నాడు ఫణీంద్ర.

హిమజ ఖాళీ కొలనులోకి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, నా పొంగు మీద అరచెయ్యి ఆనించింది. నొక్కింది. నేను అలలా అటు కదిలి ఇటు వచ్చాను.

"ఇది ఊటండీ! మొన్న మన పక్క కాలువకి నీళ్లు వదిలారు కదా! పక్క కాలువ నిండిందంటే మా నాన్నగారి రొయ్యల చెరువు ఎండగట్టినప్పుడల్లా ఇలాగే అడుగున నీరెక్కేది. పక్కనే గొయ్యి తీయించి మోటారు పెట్టేవారు. పతకాలంటూ తిరిగి పుట్టింటి విద్య మర్చిపోయాను చూడండి!"

కాలువ వైపు గొయ్యి తవ్వారు. మోటారు పెట్టారు. మర్నాటికి నా పొట్ట తగ్గింది. నన్ను చుట్టి పక్కన పెట్టి చూస్తే, అక్కడక్కడా గరుకు తేలిందే గానీ అడుగు నిక్షేపంలా ఉంది.

"గట్టిగానే ఉందండోయ్" అన్నాడు గంగాధరం గారు తల గోక్కుంటూ. "మరి గుడ్డ మాటో?"

"ఈ పాతదాన్నే కత్తిరించి కింద పరిచెయ్యండి. ఈ మెత్తదనం చాలదూ?"

"ఎవరూ అలా వెయ్యరండి."

"ఎందుకు వెయ్యరండి?"

ఆయన నా అంచు వేళ్లతో నలిపి చూశాడు. "సరే, వేస్తానండి. పాతది మోసుకెళ్లే కూలీ కూడా తగ్గుద్ది."

"హమ్మయ్య! మీ నోట మొదటిసారి 'తగ్గుద్ది' అన్న మాట విన్నాను" అంది హిమజ.

తుక్కు కొట్టుకే పోతాననుకున్నాను. ఇప్పుడు చిరుగులు తీసేసిన ముక్కలుగా అదే అడుగున పడుకుని ఉన్నాను. నా మీద కొత్త లైనరు తళతళలాడుతోంది. నీళ్ల బరువెంతో దానికింకా తెలియదు. ఇక నన్నెవరూ చూడరు. "ఎంత నీలం!" అన్న మెప్పు దానిదే. పోనీలెండి. పిల్లల పాదాల కింద గరుకు తగలకపోతే, అది నా వల్లేనని నాకు తెలుసు.

పైన ఆలుమగల మాటలు వినిపిస్తున్నాయి.

"మోటారు ఆపకండి. రేపు పొద్దున్నే కొలనులోకి నీళ్లు వదులుదాం. నడుము లోతు రాగానే మొదట మీరే దిగాలి."

"నేనా? నాకు ఈత రాదని నీకు తెలుసుగా!"

"తెలుసు కాబట్టే. రేపటి నా మొదటి విద్యార్థి మీరే. చెప్పులు మాత్రం ఒడ్డునే విప్పి రండి!"