కూరలో ఉప్పు

మా దీవికి జనం లాంచీ ఎక్కి వచ్చేది అక్క వండే చేపల కూర కోసమే. ఆరోజూ నలుగురొచ్చి కూర్చున్నారు. పొయ్యి మీద మసాలా మరుగుతోంది. చేపలు తేవాల్సిన బావ పడవ మాత్రం తెల్లారే రావాల్సింది, మధ్యాహ్నమైనా జాడ లేదు. గాలి ముదిరింది.

"ఇంకా ఎంతసేపమ్మా?" అన్నాడొకాయన.

"చేప రావద్దా?" కసిరింది అక్క.

సముద్రం వైపు చూసినప్పుడల్లా గిన్నెలో ఉప్పు వేస్తోంది.

చివరికి బావ తడిసి ముద్దై, బుట్టతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇదా వచ్చే వేళ?" మొహమైనా చూడకుండా బుట్ట లాక్కుంది అక్క.

తొలి ముద్దకే ఆ పెద్దమనిషికి పొలమారింది. "ఇది కూరా, సముద్రమా!"

బావ మాత్రం పళ్లెం ఊడ్చి మళ్లీ చాపాడు. "ఉప్పు సరిగ్గా సరిపోయిందే. ఇంకో గరిటె వెయ్యి."

గరిటె పట్టుకునే భోరుమంది అక్క.