తీసేసిన రసాయనాలు

కంప్యూటర్ తెర మీది రసాయనాల జాబితాలో నాలుగు పేర్లు లేవు. హరిణి కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"వాటిని ఎవరు తీశారు సార్?"

"నేనే," అన్నాడు ఆమె పైఅధికారి పద్మనాభం.

యలహంక దగ్గరి ఆ ప్రయోగశాలలో కడుపులో బిడ్డకు హాని చేసే రసాయనాలను చూడి ఎలుకల మీద కాకుండా, పళ్లెంలో పెంచిన కణాల మీద పట్టుకునే పద్ధతి తయారుచేశారు. దాన్ని నమ్మవచ్చో లేదో తేలాలంటే, హాని చేస్తాయని ముందే తెలిసినవీ, చేయవని తెలిసినవీ ఎంచి, పేర్లు దాచి పరీక్షకు పెట్టాలి. ఆ ఎంపిక హరిణి పని.

తీసేసిన నాలుగూ ఊరికే ఉంటే ఏమీ చేయవు. ఒంట్లోకి వెళ్లి, కాలేయంలో మారాకే బిడ్డను దెబ్బతీస్తాయి. పళ్లెంలో కాలేయం లేదు.

"క్యాన్సర్ మందు సైక్లోఫాస్ఫమైడ్ కూడా తీసేశారు. మన టెస్ట్ దాన్ని సేఫ్ అంటుందని మీకు తెలుసు."

"తెలుసు కాబట్టే తీసినా. మెథడ్ బాగుండాది, మార్కులు బాగా వస్తాయి. ఎందుకమ్మా చెడగొట్టుకునేది?"

"మనకు జవాబు తెలిసిన ప్రశ్నలే పేపర్లో పెట్టి ఫస్ట్ క్లాస్ అంటే అది ఎగ్జామా సార్?"

పక్కనే ఉన్న స్టాన్లీ, ల్యాబ్ ఎలుకలను చూసే పశువైద్యుడు, తన వైపు మాట్లాడతాడనుకుంది. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఎలుకల కడుపులు కోసేది నేనండీ, మీరు కాదు. ముందు ఈ టెస్టుకు ఆమోదం రానివ్వండి. ఆలస్యమైన కొద్దీ నేను కోస్తూనే ఉండాలి."

అందులో అబద్ధం లేదు. అందుకే ఆమెకు ఇంకా మండింది.

"రేపు ఎవరో ఈ టెస్ట్ చూపించి, గర్భిణులు ఈ మందు వాడొచ్చంటారు. అప్పుడు ఎలుక ఉండదు స్టాన్లీ. ఆ చోట ఒక ఆడమనిషి ఉంటుంది."

పద్మనాభం లాప్‌టాప్ మూశాడు.

హరిణి ఆ జాబితా మీద సంతకం పెట్టలేదు. ఏవి తీశారో, ఎందుకు తీశారో బయటి సమీక్షా కమిటీకి రాసి, ఒక కాపీ పద్మనాభానికీ పంపింది. వారం తిరక్కుండానే ఆమెను ప్రాజెక్టు నుంచి తప్పించి స్టోర్ రూమ్‌కు వేశారు.

కమిటీ ఆ రసాయనాలను తిరిగి చేర్చింది. పరీక్ష నాలుగింటినీ సురక్షితమనే చెప్పింది. పళ్లెంలో కాలేయపు సారం కలిపి చూస్తే వాటిలో సగమే పట్టుబడ్డాయి. చివరికి షరతుతో ఆమోదం వచ్చింది: కాలేయంలో మారే రసాయనాలకు ఈ పద్ధతి వాడకూడదు. వాటికి మళ్లీ ఎలుకలే. స్టాన్లీ ఆమెతో మాట్లాడటం మానేశాడు.

హూడిలోని ఒక హోటల్లో జరిగిన సదస్సులో పద్మనాభం వేదికెక్కాడు. "మా పద్ధతి హద్దులు మేమే వెతికి తేల్చినాము," అన్నాడు. చప్పట్లు మోగాయి.

హరిణి చివరి వరుసలోంచి లేచి మైకు అడిగింది.

"మీరు తేల్చలేదు సార్. మీరు దాచారు. కమిటీ వాటిని తిరిగి పెట్టించింది."

పద్మనాభం నవ్వాడు. "మా పాత స్టాఫ్ ఈమె."

"పాత కాదు. ఇంకా మీ కిందే, స్టోర్ రూమ్‌లో ఉన్నా."

నిర్వాహకుడు వచ్చి మెల్లగా ఆమె చేతిలోని మైకు తీసుకున్నాడు. హరిణి కూర్చోలేదు. తీసేసిన ఆ నాలుగు రసాయనాల పేర్లు ఒక్కొక్కటే, హాలంతా వినబడేలా చెప్పసాగింది.