ఆంప్లిఫయరు పక్కన కుర్చీ

మినప్పప్పు రుబ్బుతుండగా మేడ మీద నుంచి మొగుడు కొండబాబు కేకేశాడు.

"పుష్పా! బేగి రా! ఆన్‌లో ఉందో లేదో సూడు!"

పుష్పవతి గ్రైండరు ఆపి, పిండి చేతులు కడుక్కుని మెట్లెక్కింది. పొద్దుటి నుంచీ ఇదే పని. మేడ గదిలో గోడంత తెర, మూలమూలనా స్పీకర్లు, వాటన్నిటికీ గొంతునిచ్చే ఆంప్లిఫయరు బల్ల మీద. తూర్పు కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆమె నీడ పడమటికి పోవాలి. పోలేదు. పక్కకి తిరిగి ఆంప్లిఫయరు వైపు సాగింది.

"ఆన్‌లోనే ఉంది," అని దిగిపోయింది.

కరెంటు నడుస్తున్న వస్తువు వైపు నీడ వాలడం పుష్పవతికి పుట్టుకతో ఉంది. కృష్ణదేవిపేటలో, బోరు మోటారు ఆడుతోందో లేదో తెలీనప్పుడు నాన్న ఆమెని గట్టు మీద నిలబెట్టేవాడు. పెళ్లిచూపుల్లోనూ దాచలేదు. కొందరిది ఎడమచేతి వాటం, ఈ పిల్లది ఇది అనుకున్నారు, అంతే.

అసలు తప్పంతా ఈ కాలం బొత్తాలది. పూర్వం స్విచ్చికి ఒక మర్యాద ఉండేది. కిందికి నొక్కితే ఆన్, పైకి లేపితే ఆఫ్, చీకట్లో తడిమినా తెలిసేది. ఇంకా వెనక్కి వెళ్తే వాల్వు రేడియోలు. వేడెక్కి, లోపల ఎర్రగా వెలిగి, ఊపిరి తీసుకుని అప్పుడు పాడేవి. చెయ్యి వేస్తే పిల్లి వీపులా వెచ్చగా ఉండేవి. ఇప్పుడు రిమోటులో ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే బొత్తాం. పడుకున్నదాన్ని లేపుతుంది, లేచినదాన్ని పడుకోబెడుతుంది.

జీడిపప్పు వ్యాపారి కొండబాబుకి అక్కడే చిక్కొచ్చింది. ఫోన్ మీద వేలు ఆనిస్తే కర్టెన్లు మూసుకోవాలి, బొమ్మ రావాలి, మోత రావాలి. ఆంప్లిఫయరు అప్పటికే ఆన్‌లో ఉంటే మాత్రం ఆ నొక్కుడుకి ఆరిపోయేది. తెర మీద హీరో నోరు తెరిచేవాడు, మాట ఉండేది కాదు.

ఇవన్నీ బిగించిన సూర్యప్రకాష్ ఉపాయం చెప్పాడు. "సార్, వైరుకి చిన్న మీటరు తగిలిస్తే చాలు. ఆంప్లిఫయరు ఆన్‌లో ఉందో లేదో అదే ఫోనుకి చెప్పేస్తుంది."

"ఇంట్లో మనిషుండగా మీటరెందుకయ్యా, దండగ? మా ఆవిడ నీడకే ఏదోటి కట్టు."

సూర్యప్రకాష్ కాసేపు తల గోక్కున్నాడు. ఆంప్లిఫయరు దగ్గర నేల మీద బిళ్లంత సెన్సరు అంటించాడు. కాస్త పక్కగా కుర్చీ వేసి, దాని వెనక గోడకి బుల్బు పెట్టాడు. నీడ సెన్సరు మీద పడితే ఆంప్లిఫయరు ఆన్‌లో ఉన్నట్టు, ఫోను దాని జోలికి పోదు. పడకపోతే బొత్తాం నొక్కుతుంది.

"మీరు కదలకుండా కూర్చుంటే చాలు మేడమ్."

"ఎంతసేపు?"

"సినిమా అయ్యేదాకా," అన్నాడు కొండబాబు.

పుష్పవతి పళ్లు బిగించుకుని కూర్చుంది. కిందన పిండి పులుస్తోంది.

ఆ వారమే అబీద్ సెంటర్‌లో జోగులమ్మ ఆమెని ఆపింది. మొగుడు పోయాక మోటార్ వైండింగ్ షాపు ఆవిడే నడుపుతోంది.

"నా దగ్గర పనికి రాయే పుష్పా."

"నీడ కోసమేనా అక్కా?"

"నీ నీడ నేనేటి సేసుకుంటాను? టెస్టరుంది కదా నాకు. నీ వేళ్లు కావాల. నువ్వు కనకాంబరాలు కట్టినట్టే రాగి తీగ సుట్టాల."

అన్నాల దగ్గర ఆ సంగతి ఎత్తింది. పరువు తక్కువంటాడేమోనని జవాబు కూడా సిద్ధం చేసుకుంది. కొండబాబు ముద్ద మింగి, "నువ్వెల్తే కుర్చీలో ఎవులు కూకుంటారు?" అన్నాడు.

ఆ మాట ఆమెని లోపల నుంచి కాల్చింది.

ఆదివారం మధ్యాహ్నం చుట్టాలొచ్చారు. మాకవరపాలెం నుంచి కొండబాబు మేనత్త గున్నమ్మ కూడా వచ్చింది. సినిమా మొదలైంది, పుష్పవతి కుర్చీలో ఉంది. ఇంటర్వెల్లో, అందరూ వినేలా అంది.

"రేపటి నుంచి జోగులమ్మ దగ్గరకి పనికెల్తానండి."

కొండబాబు నవ్వాడు. "ఆంప్లిఫయరు పార్టు ఇప్పి పక్క షాపుకి ఇచ్చీమంటావేటే?"

"ఓరి కొండా," అంది గున్నమ్మ, "పెళ్లాన్ని కుర్చీకి స్క్రూలెట్టి బిగించీసేవేట్రా?"

గదంతా ఘొల్లుమంది. కొండబాబు మరీ గట్టిగా నవ్వాడు. పుష్పవతి విసురుగా లేచింది. ఎంత విసురంటే, నీడ లేవలేకపోయింది. సెన్సరు మీద అలాగే ఉండిపోయింది.

ఆమె గుమ్మం దాకా వెళ్లి వెనక్కి చూసింది. కొండబాబు కూడా నేల మీదకి చూశాడు. చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"నీడుంది కదా. ఇంకేటి, ఎల్లు."

మర్నాడు పుష్పవతి పొద్దుటి ఎండలో, నీడ లేకుండా అబీద్ సెంటర్ దాటింది. రిక్షా తొక్కేవాడొకడు చూసి, బెల్లు కొట్టుకుంటూ పోయాడు.

"నీడేదే?" అంది జోగులమ్మ.

"మేడ మీద డ్యూటీలో ఉంది. సినిమా సూపించనీ. ఆకలేసి పిలిస్తే అన్నం కూడా అదే ఎడతాది."

జోగులమ్మ స్టూలు జరిపి, కాలిపోయిన మోటారొకటి ముందు పెట్టింది. పుష్పవతి పాత తీగ పీకి, కొత్తది చుట్టడం మొదలెట్టింది. చుట్టు మీద చుట్టు, ఎక్కడా సందు లేకుండా. జోగులమ్మ వంగి గోటితో నొక్కి చూసింది.

"ఏటే, ఇంతలాగ బిగించేవు?"

"కోపం మీదున్నానక్కా."

"అలాగే ఉండు. వొదులైతే మోటారు కాలిపోద్ది."