బాబాయ్ బయటికెళ్లిన ఓటు

మా గోపాల్‌రావు బాబాయ్ ఇంగ్లండ్‌లో బేసింగ్‌స్టోక్ పక్కన ఓ చిన్న ఊళ్లో ఇళ్ల కాగితాలు చూసే సొలిసిటర్. అదే ఊరికి కౌన్సిలర్. ఊరివాళ్లు డబ్బు దాచుకుని అప్పులు తీసుకునే చిన్న క్రెడిట్ యూనియన్‌కి చైర్మన్ కూడా. అంటే ఎవరైనా ఇల్లు కొన్నా, ఆ ఇంటి ముందు గుంత పడినా, ఆ గుంతలో పడి కాలు విరిగి అప్పు కావాల్సొచ్చినా బాబాయ్ దగ్గరికే రావాలి. ఊళ్లో కుక్కలు కూడా ఆయన కనపడితే అపాయింట్‌మెంట్ ఉన్నట్టు ఆగేవి.

కౌన్సిల్లో ఒక పద్ధతుంది. చర్చకొచ్చిన విషయంతో తనకేదైనా సంబంధముంటే కౌన్సిలర్ ఆ సంగతి చెప్పి గదిలోంచి బయటికెళ్లాలి. మూడు కుర్చీల మనిషికి సంబంధం లేని విషయం ఏముంటుంది? బాబాయ్ మీటింగుల్లో సగం కారిడార్లోనే గడిపాడు. అక్కడి నోటీసు బోర్డు ఆయనకి కంఠతా వచ్చు. ఇంట్లోనూ అంతే. చికెనా చేపా అని పిన్ని అడిగితే, చేపలమ్మేవాడు తన క్లయింటని చెప్పి గార్డెన్లోకి నడిచేవాడు. నా ఆఫీసు దగ్గరని నేను వాళ్లింట్లో చేరిననాటి నుంచీ మాకు చికెనే గతి.

అందరూ ఆయన్ని నిజాయితీపరుడనేవారు. ఆ మాట వింటే బాబాయ్ నడకలో ఒక అంగుళం పొడుగయ్యేవాడు.

మా ప్రఫుల్ల పిన్ని గురువారాలు పాత కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్లకి భోజనం పెట్టేది. తెల్లవాళ్లూ మనవాళ్లూ వచ్చేవారు. ఒంటరివాళ్లే ఎక్కువ. రిటైరైన డాక్టర్ ఆంజనేయులు అంకుల్ వారం మొత్తంలో మనుషులతో మాట్లాడేది ఆ పూటే. దాచిపెట్టుకున్న మాటలన్నీ అక్కడ దింపేసేవాడు. పక్కన తెల్లాయన పప్పుచారులో బ్రెడ్ ముంచుకుంటుంటే కళ్లు మూసుకుని క్షమించేవాడు.

ఈ ఏడాది కౌన్సిల్ ఆ హాల్ అమ్మేద్దామంది. ఓటింగుకి ముందు కౌన్సిల్ క్లర్క్ హేజల్ బాబాయ్‌కి ఫోన్ చేసింది. పిన్ని జీతం తీసుకోవట్లేదు కాబట్టి రూల్ అడ్డురాదని, ఉండి ఓటెయ్యొచ్చని చెప్పింది. బాబాయ్ ఆలోచిస్తానన్నాడు. ఆలోచించాడు కూడా. పెళ్లాం కోసం హాల్ కాపాడుకున్నాడని ఎవరో ఒకరు అంటారేమోనని ఆలోచించాడు. తను లేకపోయినా హాల్ వైపు ఒక ఓటు ఎక్కువే ఉందని అంచనా వేసుకుని, ఆ రోజు హుందాగా లేచి బయటికెళ్లాడు.

ఆ ఎక్కువ ఓటు మోటర్‌వే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. రెండువైపులా సమానమైంది. అలాంటప్పుడు అధ్యక్షుడికి ఇంకో ఓటుంటుంది. ఆయన దాన్ని అమ్మకానికి వేశాడు. తలుపు తీసి బాబాయ్‌ని లోపలికి పిలిచేసరికి హాల్ పోయింది.

ఇంటికొచ్చి పిన్నికి ఆయనే చెప్పాడు. హేజల్ ఫోన్ సంగతి కూడా దాచలేదు. నేను సింక్ దగ్గర కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతూ నిలబడ్డాను.

"ఉండొచ్చని ఆవిడ చెప్పాక కూడా బయటికెళ్లారా?"

"జనం ఏమన్నా అనుకుంటారని, ప్రఫుల్లా."

"ఏ జనమండీ? నా దగ్గర అన్నం తినేవాళ్లు జనం కారా?"

పిన్ని అరవలేదు. అరిచుంటే బాగుండేదని బాబాయ్ తర్వాత నాతో అన్నాడు.

ఇంట్లో పెడదామంటే, వచ్చేవాళ్లలో కొందరు వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు, మా గుమ్మంలో వీల్‌చైర్ పట్టదు. ఊళ్లో ఇంకో హాల్ లేదు. మూసేశాక వచ్చిన మొదటి గురువారం పిన్ని ఆంజనేయులు అంకుల్‌కి క్యారేజీ కట్టింది. నేనే తీసుకెళ్తానని బాబాయ్ అన్నాడు. నేనూ కారెక్కాను.

అంకుల్ ఫ్లాట్‌లో టీవీ దానంతటది మాట్లాడుతోంది. మమ్మల్ని చూసి సంబరపడ్డాడు. బాబాయ్ క్షమాపణ మొదలుపెట్టగానే చేత్తో ఆపేశాడు.

"ఊరుకోండి గోపాల్‌రావుగారూ. మీరు పద్ధతి ప్రకారం వెళ్లారు. మీలాంటివాళ్లు ఉండాలండీ కౌన్సిల్లో."

"ఆ మాట మాత్రం అనకండి డాక్టరుగారూ."

అంకుల్‌కి అర్థం కాలేదు. కాసేపు తిన్నాడు. మిగిలింది రాత్రికని ఫ్రిజ్‌లో పెట్టాడు.

"అక్కడైతే మారు వడ్డించుకునేవాణ్ణి," అన్నాడు. "ఒక్కణ్ణే అయితే ముద్ద దిగదండీ."

ఎవర్నీ తప్పుపట్టకుండా, వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పాడు. బాబాయ్ గుమ్మం దగ్గర వంగి బూట్లు వేసుకున్నాడు. లేసులు కట్టడం అయిపోయినా చాలాసేపు లేవలేదు.